పిట్టల లెక్క

నాన్న పోయాక మొదటి మూడు నెలలూ కాగితాలతోనే గడిచిపోయాయి. మనిషి ఇంట్లో పోతే ఇంటివాళ్ళే 21 రోజుల్లోపు నమోదు చేయించాలని, శ్మశానం దగ్గర ఇచ్చే రసీదు లేకపోతే ఏ పనీ కదలదని, డెత్ సర్టిఫికెట్ జిరాక్సులు ఎన్ని తీయించినా ఇంకొకటి తక్కువ పడుతుందని అప్పుడే తెలిసింది. ఒకచోట ఇంటిపేరులో అక్షరం తప్పు పడింది. అది దిద్దించడానికి నాలుగుసార్లు తిరిగాను. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మొదలైంది, బ్యాంకు ఖాతా మారింది, స్కూటర్ ఆర్‌సీ సంగతి అన్న చూసుకున్నాడు. ఎంత విసుగొచ్చినా ఆ పనులకు ఒక దారంటూ ఉంది. ఏ కౌంటర్, ఏ ఫారం, ఎవరి సంతకం అనేది ఎవరో ఒకరు చెబుతారు.

సజ్జ మీది రేకు పెట్టె గురించి చెప్పేవాళ్ళెవరూ లేరు. వానలు మొదలయ్యేలోపు సర్దుదామని దించాం. ఒక ఖాకీ టోపీ, జుమ్మెరాత్ బజార్‌లో కొన్న పాత బైనాక్యులర్, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బేరమాడి తెచ్చిన, పక్షి శాస్త్రవేత్త సలీం అలీ రాసిన పిట్టల పుస్తకం, వాటి కింద 31 నోటు పుస్తకాలు. సర్వేవాళ్ళు వాడే పొడుగాటి ఫీల్డ్ బుక్కులు. ఆఫీసువి కావు, సొంత డబ్బుతో కొన్నవి. ఆఫీసు పెన్సిల్ ముక్క కూడా ఇంటికి తెచ్చే మనిషి కాదు మా నాన్న.

నల్లగొండ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి ఎర్రమంజిల్‌లో ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసర్‌గా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యారు. వారంలో ఆరు రోజులు కాలవల నక్షాలు గీసేవారు. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి వనస్థలిపురం ఇంటి ముందు చేతక్ స్కూటర్ పక్కకి వంచి కిక్కు కొట్టేవారు. కాలనీలో ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు, ‘పిట్టల సారు’ అంటేనే తెలుస్తుంది. కర్మ రోజున వచ్చినవాళ్ళంతా ఒకే మాట అన్నారు: ఇల్లు, పిల్లలు, ఆ పిట్టలు తప్ప ఇంకో ధ్యాస లేని మనిషి అని. నిజం చెప్పాలంటే అందులో మొదటి రెండింటి గురించి నాకు కొంచెం అనుమానంగానే ఉండేది. చిన్నప్పుడు నా లెక్కలో నాన్నంటే ఆదివారాలు ఇంట్లో ఉండని నాన్న.

“పాత పేపర్లవాడికి వేయడానికి నాకు చేతులు రావు. అలాగని దాచి ఏం చేస్తావో కూడా తెలియదు,” అంది అమ్మ.

మా ఆఫీసులో ఒకతను కెమెరా పట్టుకుని అమీన్‌పూర్ చెరువుకి వెళ్తుంటాడు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చిందే, ఆ చెరువు. అతనే చెప్పాడు, ఈబర్డ్‌లో పాత రికార్డులు కూడా ఎక్కించవచ్చని. అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ వాళ్ళు 2002లో మొదలుపెట్టిన వెబ్‌సైటు అది. ఎవరు ఎక్కడ ఏ రోజు ఏ పిట్టను చూశారో రాస్తే ఆ లెక్కలన్నీ ఒకచోట చేరతాయి, పరిశోధన చేసేవాళ్ళు వాడుకుంటారు. నిన్న చూసినవే రాయాలని లేదు, ముప్పై నలభై ఏళ్ళ కిందటి తేదీ వేసినా తీసుకుంటుంది. “మీ నాన్నగారు తేదీ, చోటు రాసుకున్నారా?” అని అడిగాడు. నాన్న తేదీ రాయకుండా కిరాణా చీటీ కూడా రాసి ఎరగరు.

ఇంట్లో ఇలాంటి పుస్తకాలున్న వాళ్ళకు పనికొస్తుందేమోనని నేను చేసిన వరస చెబుతున్నాను. నేను చేసిన తప్పులు కూడా ఇందులోనే ఉన్నాయి.

మొదటి తప్పు, పుస్తకాలు తెరిచీ తెరవగానే టైపు చేయడం మొదలుపెట్టడం. పేజీలు పెళుసుబారి ఉన్నాయి. రెండో పుస్తకానికే కుట్టు ఊడి ఆకులు చేతిలోకి వచ్చాయి. ముందు అన్ని పేజీలూ ఫోటో తీసుకోవాలి. ఉదయం ఎండ నేరుగా పడని బాల్కనీలో, ఒక తెల్ల దుప్పటి పరిచి, ఫోన్‌తోనే తీశాను. రోజుకు ఒక పుస్తకం. పదకొండో పుస్తకం ఎప్పుడో వానలో తడిసినట్టుంది. వెనక పేజీల్లో పెన్నుతో రాసిన ఇంటి ఖర్చులన్నీ నీలం మరకలైపోయాయి. ముందు పేజీల్లో పెన్సిల్‌తో రాసిన పిట్టలు మాత్రం నిన్న రాసినట్టు ఉన్నాయి. బయటికి వెళ్ళేటప్పుడు పెన్సిలే ఎందుకు వాడేవారో, మాకు పెన్ను ఎందుకు ఇచ్చేవారు కాదో అప్పుడు తెలిసింది.

ఖాతా తెరవడం దగ్గర ఒక మెలిక ఉంది. ఇంకొకరు చూసిన పిట్టల్ని మన ఖాతాలో కలపకూడదు, వాళ్ళ పేరుతో వేరే ఖాతా తెరవాలి. అందుకని నాన్న పేరుతో కొత్త ఈమెయిల్ తీసుకున్నాను. పాస్‌వర్డ్‌గా ఆయన స్కూటర్ నంబరు పెడదామనుకుని, వీధిలో సగం మందికి ఆ నంబరు తెలుసని మానేశాను. రెండు నిమిషాల్లో నాన్న పేరుతో మెయిల్ వచ్చింది, స్వాగతం చెబుతూ. మూడు నెలలుగా ఆయన పేరుతో వచ్చిన ప్రతి ఉత్తరం ఏదో ఒక ఖాతా మూసేశామని చెప్పేదే. ఆ రోజు ఇంకేమీ చేయలేదు. లాప్‌టాప్ మూసేసి అమ్మతో టీవీ చూశాను.

అసలు పని పిట్టల పేర్ల దగ్గర మొదలవుతుంది. నాన్న మూడు రకాలుగా రాసేవారు. కొన్ని ఊళ్ళో నేర్చుకున్న తెలుగు పేర్లు: పసుల పోలిగాడు, జెముడుకాకి, పికిలి పిట్ట, గిజిగాడు. కొన్ని సలీం అలీ పుస్తకంలోని ఇంగ్లీషు పేర్లు, తెలుగు లిపిలో. ఈ రెండో రకంతో చిక్కేమిటంటే ఆ పేర్లు చాలావరకు మారిపోయాయి. ఆయన ‘పరయా కైట్’ అని రాసింది ఇప్పుడు బ్లాక్ కైట్. ‘వైట్ బ్రెస్టెడ్ కింగ్‌ఫిషర్’ ఇప్పుడు వైట్ త్రోటెడ్ అయింది. ‘లిటిల్ బ్రౌన్ డవ్’ లాఫింగ్ డవ్ అయింది. ‘క్రో ఫెజెంట్’ అంటే మన జెముడుకాకే, ఇప్పుడు గ్రేటర్ కూకల్ అంటున్నారు. పక్కన ఒక పట్టిక రాసుకుని పాత పేరుకు ఎదురుగా కొత్త పేరు వేసుకుంటూ పోయాను. అకౌంట్స్ ఉద్యోగం కాబట్టి ఎక్సెల్ మీద కూర్చోవడం నాకు కష్టం కాదు.

కష్టం మూడో రకం. ‘ఈఈ గారు 3’. ‘రె.ఇ. 15’. ‘అత్తలు 7’. మొదట ఎవరో మనుషులు కలిశారేమో అనుకున్నాను. ఒక పేజీలో ‘ఈఈ గారు 11’ అని చూశాక, హిమాయత్‌సాగర్ గట్టు మీద ఆదివారం పూట పదకొండుమంది ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్లు ఉండరని అర్థమైంది. అమ్మను అడిగితే వంటింట్లోంచే నవ్వింది. ఈఈ గారంటే గుడ్డి కొంగట, ఇంగ్లీషులో పాండ్ హెరాన్. “నిద్రపోతున్నట్టే ఉంటుంది, పక్కకు వచ్చినదాన్ని మాత్రం వదలదు. కూర్చుంటే మట్టిరంగు, లేచిందంటే తెల్ల చొక్కా. అచ్చం మా ఆఫీసరే అనేవారు మీ నాన్న.” రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ అంటే గేదెల వెనక తిరిగే తెల్ల కొంగ. గేదె నడిస్తే నడుస్తుంది, ఆగితే ఆగుతుంది, కాలి కింద లేచిన పురుగును ఏరుకుంటుంది. అత్తలంటే గుంపుగా తిరుగుతూ ఎప్పుడూ గొడవ పడే బాబ్లర్లు. మాకు ముగ్గురు మేనత్తలు. ఆ పేరు వాళ్ళకు తెలియదు, ఇది చదవరని ధైర్యంగా రాస్తున్నాను.

బాబ్లర్లలో మన దగ్గరే రెండు మూడు రకాలున్నాయి. నాన్న రాసిన అత్తలు ఏ రకమో తేలలేదు. ఇలాంటప్పుడు ఊహించి పెట్టకూడదు. ‘ఆ గుంపులో ఏదో ఒకటి’ అని నమోదు చేసే వీలు సైటులోనే ఉంది. సంఖ్య రాయనిచోట ఇంటూ గుర్తు పెడితే చాలు, పిట్ట ఉందని అర్థం. ఎన్ని గంటలు తిరిగారు, ఎంత దూరం నడిచారు అనేవి లేని పాత రికార్డులకు ‘హిస్టారికల్’ అనే వేరే గడి ఉంది. అక్కడ తేదీ, చోటు ఉంటే సరిపోతుంది.

ఇంకో ప్రశ్న ప్రతి జాబితా చివరా అడుగుతుంది: మీరు గుర్తుపట్టగలిగిన పిట్టలన్నీ రాశారా, కొన్ని వదిలేశారా? నాన్న పావురాన్ని ఎన్నడూ రాయలేదు. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా. పావురాన్ని పిట్టగా ఒప్పుకోకపోవడం ఆయన పట్టుదల. చార్మినార్ దగ్గర గుంపులకు గింజలు చల్లేవాళ్ళను చూస్తే ఆయనకు బీపీ పెరిగేది. కాబట్టి అన్నీ రాశారా అన్న ప్రశ్నకు ప్రతిసారీ ‘లేదు’ అనే కొట్టాల్సి వచ్చింది. అది ‘లేదు’ అయితే శాస్త్రానికి ఆ జాబితా విలువ కొంచెం తగ్గుతుందని మా ఆఫీసతను బాధపడ్డాడు. నాకేమో పావురం లేని హైదరాబాద్ చూసినట్టు బాగానే ఉంది.

ఇక ప్రతి పేజీకి కుడివైపు పైన గుండ్రంగా సున్న చుట్టి లోపల ఒక అంకె. నక్షాలో స్టేషన్ నంబరు వేసినట్టు శుభ్రంగా. ఒకటి, నాలుగు, మూడు, ఒకటి, ఒకటి, రెండు. పేజీ నంబరు కాదు, కిలోమీటర్లు కాదు. పెట్రోలు లీటర్లేమో అనుకున్నాను. 1984 అక్టోబర్ 14, సరూర్‌నగర్ చెరువు, చుట్టలో 3½. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. అన్నకు అప్పుడు నాలుగేళ్ళు. నేను పుట్టింది ఆ డిసెంబర్‌లో.

సైటులో సరిగ్గా ఆ గడే ఉంది, పరిశీలకులు ఎంతమంది అని. నాన్న దాన్ని ఏ వెబ్‌సైటూ లేనప్పుడే నింపుకుంటూ వచ్చారు. మూడున్నర అని కొడితే తీసుకోలేదు, పూర్తి అంకె వేయమంది. మూడు వేశాను. అమ్మకు చూపిస్తే, “ఏడో నెల కడుపుతో చెరువు గట్టు ఎక్కించారమ్మా, పడతానేమోనని చెప్పులు ఆయన చేతిలో పట్టుకుని నడిచారు,” అంది. చెరువులో ఏ పిట్టలున్నాయో ఆమెకు గుర్తులేదు. చెప్పులు గుర్తున్నాయి.

అప్పటినుంచి పిట్టల కంటే ఆ అంకెనే ముందు చూడటం అలవాటైంది. 1987 జూన్ 21 పేజీలో పిట్టలు లేవు. ‘నిన్న సలీం అలీ పోయారు’ అని మాత్రం ఉంది, చుట్టలో 1. ఎక్కడికీ వెళ్ళకపోయినా ఆ చుట్ట ఎందుకు వేశారో తెలియదు. 1930ల మొదట్లో మన నిజాం రాజ్యమంతా తిరిగి పిట్టల సర్వే చేసింది సలీం అలీయేనని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, తన మేనమామ చేసినట్టు.

దసరా పేజీలన్నింటిలో నాలుగే. జమ్మికి వెళ్ళేముందు పాలపిట్టను చూడాలని అందరిళ్ళలో ఉండేదే. కొన్నిచోట్ల దాన్ని పట్టి పంజరంలో పెట్టి, చూసినందుకు డబ్బులడిగేవాళ్ళు. నాన్నకు అది గిట్టదు. మమ్మల్ని ముగ్గురినీ చేతక్ మీద కూర్చోబెట్టుకుని, నేను ముందు నిలబడి, అన్న మధ్యలో, హయత్‌నగర్ దాటి కరెంటు తీగల కింద నడిపేవారు. తీగ మీద గోధుమరంగు పిట్ట ఒకటి మెడ ముడుచుకుని కూర్చుని ఉంటుంది. అది కాదు కాదు అని మేం గొడవ. ‘ఆగండి, లేవనీయండి’ అనేవారు. అది ఎగిరాక రెక్కల్లో ఆ నీలం! ఇప్పుడు అది తెలంగాణ రాష్ట్ర పక్షి. 1991 దసరా రోజున పదిన్నరైనా కనిపించలేదు. నేను ఆకలికి ఏడ్చాననీ, ‘చిన్నీకి బిస్కెట్లు, పాలపిట్ట 11.20కి’ అనీ ఉంది.

మ్యాపు మీద చోటు గుర్తించడం ఇంకో పెద్ద పని. గండిపేట, హిమాయత్‌సాగర్, మంజీర, అనంతగిరి లాంటివి సులువు, పేరు కొడితే వస్తాయి. గండిపేటకు వెళ్ళిన ప్రతిసారీ 1908 మూసీ వరద కథ వినాలి. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఈ చెరువులు కట్టారని, ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో అయ్యాయని. ఇరిగేషన్ మనిషికి నీళ్ళు ముందు, పిట్టలు తర్వాత. 1996 మార్చిలో జీవో 111 వచ్చి ఈ జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల వరకు కట్టడాల మీద ఆంక్షలు పెట్టినప్పుడు, పిట్టల పుస్తకంలోనే ఆ జీవో నంబరు రాసి కింద రెండు గీతలు కొట్టుకున్నారు.

సులువు కానివి పేరులేని కుంటలు. ఎల్‌బీ నగర్ దాటాక నాన్న తరచూ వెళ్ళిన కుంట ఒకటుంది. పేజీలో ఆయన గీసిన చిన్న నక్షా కూడా ఉంది: ఒక వేపచెట్టు, తూము, ఉత్తరం గుర్తు, స్కేలు. ఆదివారం పూట దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. తూము ఉండాల్సినచోట అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే వాలు ఉంది. వాచ్‌మన్ ఎవరు కావాలమ్మా అని అడిగితే ఏం చెప్పాలో తోచక, ఫ్లాట్ అద్దెకు ఉందా అన్నాను. ఇంటికొచ్చి మ్యాపులో గుర్తు అక్కడే పెట్టాను. ఇప్పుడు ఎవరైనా చూస్తే ఆ కార్ పార్కింగ్ మీద 1989 జనవరిలో నత్తలు తినే కొంగలు పన్నెండు, ఈఈ గార్లు నలుగురు కనిపిస్తారు.

మామూలుగా కనిపించనిదేదైనా రాస్తే సైటు వెంటనే ఒప్పుకోదు. ఆ ప్రాంతం పిట్టల గురించి తెలిసినవాళ్ళు స్వచ్ఛందంగా చూసి, అనుమానం ఉంటే మెయిల్ పెడతారు. నాకు వచ్చిన మొదటి మెయిల్ 1992 ఆగస్టు జాబితా మీద. రోళ్ళపాడు, అప్పటి కర్నూలు జిల్లా. బట్టమేక పిట్ట, ఒకటి. చుట్టలో 4.

బట్టమేక గురించి తెలియనివాళ్ళకు: మీటరు ఎత్తుండే, గడ్డి మైదానాల్లో తిరిగే భారీ పక్షి, గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అంటారు. దేశం మొత్తం మీద ఇప్పుడు చాలా కొద్దిగానే మిగిలింది. దానికోసమే 1988లో రోళ్ళపాడును అభయారణ్యం చేశారు. మెయిల్ పెట్టినాయన మర్యాదగానే అడిగారు, ఎంత దూరం నుంచి చూశారు, ఎలా ఉంది, వివరాలేమైనా ఉన్నాయా అని. అడిగింది నాన్ననే. జవాబివ్వాల్సింది నేను.

పేజీ తీశాను. ఆ రోజు మేం నందికొట్కూరులో అమ్మ తరఫు పెళ్ళికి వెళ్ళాం. ముహూర్తం రాత్రికి. పొద్దున్న టిఫిన్లు కాగానే నాన్న ఎవరిదో జీపు మాట్లాడి, గుడికి వెళ్ళొస్తామని చెప్పి మమ్మల్ని ఎక్కించుకున్నారు. నాకు గుర్తున్నదల్లా నా మెరూన్ పట్టు లంగా. దాని అంచు నిండా పల్లేరుకాయలు, గడ్డి ముళ్ళు. సాయంత్రం విడిదింట్లో అమ్మ, అమ్మమ్మ చెరోవైపు కూర్చుని ఒక్కొక్కటే ఏరుతుంటే, ఏ గుళ్ళో ఇన్ని ముళ్ళున్నాయని అమ్మమ్మ అడగడం. నాన్న స్తంభం వెనక నిలబడి పేపరు చదువుతున్నట్టు నటించడం. ఇంతే. పిట్ట గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తులేదు.

పేజీలో ఇలా ఉంది: ‘మగది. మెడ తెలుపు, తల మీద నల్ల టోపీ, ఛాతీ మీద నల్ల పట్టీ. సుమారు రెండు ఫర్లాంగుల దూరం. గడ్డిలో మెల్లగా నడిచింది, ఎగరలేదు. 9.10 నుంచి 9.35. ముందు చూసింది చిన్నీ, నా భుజాల మీద నుంచి. మేక అంది.’

ఉన్నది ఉన్నట్టు టైపు చేసి, పేజీ ఫోటో జతచేసి పంపాను. మూడో రోజుకు జవాబు వచ్చింది, ధన్యవాదాలు చెబుతూ, రికార్డు ఒప్పుకుంటూ. ఆఫీసులో ఉన్నాను. పక్క సీటామె ఏమైందంటే, “బట్టమేకను చూశానట,” అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నాకైనా ఏం అర్థమైందో చెప్పలేను.

ఎక్కించడం ఎనిమిది నెలలు పట్టింది. రాత్రి అన్నాలయ్యాక రోజూ గంట. ఫైలు రూపంలో ఒకేసారి ఎక్కించే మార్గం కూడా ఉందని మా ఆఫీసతను చూపించాడు గానీ, నేను ఒక్కొక్కటే కొట్టాను. త్వరగా అయిపోవాలని నాకు లేదు. అన్న వరంగల్ నుంచి ఫోన్ చేసి ఏ పుస్తకం దగ్గరున్నావు అని అడిగేవాడు. తన పేరు వచ్చిన పేజీల ఫోటోలు పంపమనేవాడు. వాడికి మంజీరలో మొసలిని చూసిన పేజీ కావాలి. ఆ రోజు తను పడవలో భయపడలేదని నాన్న రాశారో లేదో చూడాలట. భయపడ్డాడనే రాశారు. పంపాను.

పిట్టలు రాసిన పేజీల తర్వాత ఎక్కువసేపు చూసినవి ఏమీ రాయని నెలలు. 1999 సెప్టెంబర్ నుంచి 2000 మార్చి దాకా ఒక్క ఆదివారం లేదు. చలికాలం, బయటి దేశాల బాతులు మన చెరువులకు వచ్చే కాలం, ఏడాదంతా ఆయన ఎదురుచూసేది. నాకు టెన్త్. లెక్కల్లో నలభై దాటని మార్కులు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి పక్కన కూర్చునేవారు, నేను నిద్రమొహంతో తిట్టుకునేదాన్ని. ఆదివారం కూడానా అని ఒకసారి పుస్తకం విసిరికొట్టాను. ఆ ఆదివారాలు ఎవరివో నాకు అప్పుడు తట్టలేదు. తర్వాతి పేజీ 2000 ఏప్రిల్ 2: మృగవని, చుట్టలో 2. నాకు బాగా గుర్తు, పరీక్షలు బాగా రాశానని చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేయమని అమ్మ పంపింది. ఫలితాలొస్తే నూటెనిమిది. నేను గుళ్ళో తిరుగుతుంటే ఆయన బయట రావిచెట్టు కింద నిలబడి చిలుకల్ని లెక్కపెట్టారు. 34 ఉన్నాయి. అక్కడి నుంచి పక్కనే ఉన్న పార్కుకి వెళ్ళాం.

2007లో నానమ్మ మంచాన పడ్డాక పద్నాలుగు నెలలు ‘ఇల్లు’ తప్ప వేరే చోటు లేదు. రెండు గంటలకోసారి ఆమెను పక్కకు తిప్పాలి. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆ పేజీల్లో కిటికీలోంచి కనిపించిన పిట్టలు, వాటి పక్కన తిప్పిన టైములు. తేనెపిట్ట 1, ఎడమ 3.00. కంసాలి పిట్ట కూత, కుడి 5.00. టైములు సైటులో పెట్టలేదు. ఏ గడిలో పెట్టాలో కూడా తెలియదు.

చివరి పుస్తకం సగమే నిండింది. మోకాళ్ళు పట్టేశాక, తర్వాత ఆయాసం మొదలయ్యాక, అంతా బాల్కనీయే. అక్షరాలు వంకరపోయాయి గానీ చుట్ట మాత్రం కంపాస్‌తో గీసినట్టే ఉంది. ఆఖరి పేజీ, ఆయన పోవడానికి తొమ్మిది రోజుల ముందుది: ‘ఉ. 6.40. బాల్కనీ. పికిలి పిట్టలు 2. గోరింకలు 4. రామచిలుకలు ఎగురుతూ 6. కోయిల కూత.’ చుట్టలో 2.

దీనికి టైము ఉంది కాబట్టి హిస్టారికల్‌లో కాకుండా, ఒకేచోట కూర్చుని చూసినట్టు పెట్టవచ్చు. ఎంతసేపు అన్న గడి ఒక్కటే ఖాళీ. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆ రెండో మనిషి నువ్వేనా అని అడిగాను.

“ఇంకెవరుంటారు? నాకేం కనిపిస్తాయి ఆ పిట్టలు. టీ ఇచ్చి పక్కన కూర్చునేదాన్ని.”

“ఎంతసేపు కూర్చునేవాళ్ళమ్మా?”

“టీ చల్లారేదాకా.”

పది నిమిషాలు అని కొట్టాను. అమ్మ మెడ సాచి స్క్రీన్ చూసింది.

“పదేమిటి? మీ నాన్న బాగా చల్లారితే గానీ తాగరు. అరగంట వెయ్యి.”